సూరత్ అచ్చు చీర, గేముల్లో 'ఇండియా'

పోచంపల్లి చీరను, సూరత్‌లో అచ్చేసిన పోచంపల్లి డిజైను చీరను పక్కపక్కన పెడితే కొనేవాళ్లు చాలామంది తేడా పట్టుకోలేరు. పోచంపల్లిలో దారానికి ముందే ముడులు కట్టి రంగు ఎక్కిస్తారు. నేసేటప్పుడు ఆ దారాలు వెంట్రుకవాసి అటూ ఇటూ జరగడం వల్ల డిజైను అంచు కాస్త చెదిరినట్టు కనిపిస్తుంది. సూరత్ అచ్చులో ఆ చెదురును కూడా బొమ్మగా గీసి ముద్రించేస్తారు. పని లేదు, పని తాలూకు గుర్తు మాత్రం ఉంటుంది. ఆన్‌లైన్ ఫాంటసీ గేముల్లో కనిపించే 'ఇండియా' చాలావరకు ఇలాంటి అచ్చు చీరే.

ఈ మాట ఇప్పుడెందుకంటే, 2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ చట్టం చేసింది. డబ్బు పెట్టి ఆడే ఆటలను నిషేధించి, ఈ-స్పోర్ట్స్‌ను, డబ్బు ప్రమేయం లేని గేములను ప్రోత్సహిస్తామంది. డ్రీమ్11 లాంటి సంస్థలు పందెం పోటీలు ఆపేశాయి. పందెం ఆటకు కథ అక్కర్లేదు, లోకం అక్కర్లేదు. ఫాంటసీ గేముకు ఆ రెండే ప్రాణం. ఆ లోకంలో గోడ ఏ రంగులో ఉండాలి, సైనికుడు ఏ బట్ట కట్టాలి, దీపం ఏ ఆకారంలో ఉండాలి అని నిర్ణయించేది ఆర్ట్ డైరెక్షన్.

జపాన్‌కు చెందిన స్క్వేర్ ఎనిక్స్ నడిపే 'ఫైనల్ ఫాంటసీ 14' సంగతి చూడండి. 2021 డిసెంబరులో వచ్చిన 'ఎండ్‌వాకర్' భాగంలో థావ్‌నైర్ అనే దీవి, అందులో రాడ్జ్-అట్-హాన్ అనే నగరం ఉన్నాయి. పాలకుడి బిరుదు పర్షియా నుంచి తెచ్చిన 'సత్రప్'. రసవాద కేంద్రం పేరు అరబ్బీ వాసన కొడుతుంది. జనంలో ఏనుగు ముఖాలవాళ్లున్నారు. ఈ కలగాపులగాన్ని చూసి కోప్పడిన భారతీయ ఆటగాళ్లున్నారు కానీ, అది పూర్తిగా న్యాయం కాదు. 17వ శతాబ్దపు సూరత్ అచ్చం ఇలాగే ఉండేది. మొగలుల ఓడరేవు, మక్కా యాత్రికులు ఓడెక్కే రేవు, పార్సీలు, బోహ్రాలు, ఆర్మేనియన్లు, ఇంగ్లిషు, డచ్చి గిడ్డంగులు. కలవడం తప్పు కాదు. ఎవరు ఎందుకొచ్చారు, ఏం అమ్మారు, ఎవరికి అప్పుపడ్డారు అన్నది తెలిస్తేనే ఆ కలయిక నగరమవుతుంది. లేకపోతే మిగిలేది అలంకారమే.

2022 ఆగస్టులో 'గెన్షిన్ ఇంపాక్ట్' తెచ్చిన సుమేరు ప్రాంతం మీద వచ్చిన విమర్శ ఇంకా గట్టిది. సంస్కృతం, పర్షియన్, ఈజిప్టు పేర్లన్నీ ఒకే సంచిలో వేశారు. పాత్రల ఒంటిరంగు మాత్రం ఎక్కువగా తెలుపే. ఇక 'ఓవర్‌వాచ్'లో సిమెట్రా హైదరాబాద్ అమ్మాయి. పేరు సత్య వాస్వానీ. సింధీ ఇంటిపేరు హైదరాబాద్‌లో అసాధ్యమేమీ కాదు గానీ, ఆమెలో ఆ ఊరు ఎక్కడుందో వెతుక్కోవాల్సిందే.

ఒంటరిగా ఆడే గేముల్లో దీనికి విరుగుడు కనిపించింది. చైనాలో 2024లో విడుదలైన 'బ్లాక్ మిత్: వుకాంగ్' కోసం షాన్‌షీ రాష్ట్రంలోని పాత గుళ్లను, శిల్పాలను స్కాన్ చేశారు. ఆట ఆడినవాళ్లు ఆ గుళ్లు చూడటానికి బయల్దేరారు. మన దగ్గర పుణె సంస్థ నోడింగ్ హెడ్స్ 2020లో తెచ్చిన 'రాజీ' తోలుబొమ్మల నీడల్లో కథ చెప్పింది. మంచి పని. అయినా అందులోనూ కోటలు రాజస్థానువే. గేముల్లో ఇండియా అంటే రాజస్థాన్ కోట, కాశీ ఘాట్ అన్న అలవాటు మనవాళ్లకూ పట్టుకుంది.

మళ్లీ సూరత్‌కు వద్దాం. కరీంనగర్, వరంగల్, నల్గొండ జిల్లాల నుంచి వెళ్లిన పద్మశాలి కుటుంబాలు అక్కడి లింబాయత్, ఉధ్నా ప్రాంతాల్లో తరాలుగా ఉంటున్నాయి. నగరపాలిక తెలుగు మీడియం బడులు కూడా నడిపింది. జకార్డు మగ్గానికి డిజైను ఎలా తయారవుతుందో ఈ ఇళ్లలో తెలియనిది కాదు. గ్రాఫు కాగితంలో ఒక్కో గడి పడుగు, పేక కలిసే ఒక్కో చోటు. గడి నింపితే దారం పైకి, వదిలేస్తే కిందికి. ఒకప్పుడు దాన్ని అట్టల మీద చిల్లులుగా కొట్టేవారు, ఇప్పుడు కంప్యూటర్ చేస్తుంది. తెర మీది పిక్సెల్‌కూ ఈ గడికీ తేడా ఎంత? కాకపోతే డిజైను బల్ల దగ్గర కూర్చునేవాళ్లు వేరు, సాంచాల దగ్గర పన్నెండు గంటలు నిలబడేవాళ్లు వేరు. తెలుగువాళ్లు ఎక్కువగా రెండో చోటే ఉన్నారు. పోచంపల్లిని దెబ్బతీసే నకలు బట్ట వాళ్ల చేతుల మీదుగానే వెళ్తుండటం ఇందులో చేదు.

కథకూ కొదవ లేదు. పద్మశాలీల కులదైవం భావనారుషి తామరతూడు దారంతో దేవతలకు బట్టలు నేస్తాడు, పులినెక్కి తిరుగుతాడు. ఈ పురాణాన్ని కూనపులివాళ్లు చేర్యాల పటం విప్పుతూ, ఎర్రటి నేల మీద గీసిన ఒక్కో బొమ్మనూ చూపిస్తూ పాడేవారు. ఒక అంకం ముగిస్తేనే తర్వాతిది విప్పుతారు. గేమ్ రూపకర్తకు ఇంతకంటే సిద్ధంగా ఉన్న సరుకు దొరకదు.

అందుకే భయం కూడా ఉంది. చేర్యాలకు, పోచంపల్లికి, సూరత్ జరీకి జీఐ గుర్తింపు ఉంది. అది పేరునూ, ఆ ప్రాంతపు సరుకునూ కాపాడుతుంది. అదే డిజైనును ఓ గేములో పాత్రకు తొడిగి, ఆ దుస్తును ఆటగాళ్లకు డబ్బుకు అమ్ముకుంటే నేతగాడికి వాటా ఇవ్వాలని అది చెప్పదు. ఫాంటసీ ఆన్‌లైన్ గేముల ఆదాయంలో ఇలాంటి దుస్తుల అమ్మకం చిన్నదేమీ కాదు. ప్రభుత్వం గేమ్ సంస్థలకు ప్రోత్సాహకాలు ఇచ్చేటప్పుడు ఒక కాగితం అడగవచ్చు: ఏ సమాజం బొమ్మ వాడారు, వాళ్లలో ఎవర్ని డిజైను బల్ల దగ్గర కూర్చోబెట్టారు, ఎంత ఇచ్చారు. సినిమా తీసేవాళ్లు నవల హక్కులు కొనడం మనకు కొత్త కాదు కదా.