గిన్నె మీద పేరు

పరీక్షలో అది పది మార్కుల ప్రశ్న. స్త్రీవాద కవిత్వంలోని ప్రతీకలను సోదాహరణంగా వివరించమన్నారు. హైదరాబాద్‌లో చిత్రకళ చదువుతూ, తెలుగును కూడా ఒక పాఠ్యాంశంగా తీసుకున్న ఆ అమ్మాయి విమల రాసిన ‘వంటిల్లు’ కవితను ఎంచుకుంది. వంటిల్లు జైలుకు ప్రతీక అని రాసింది. పొగ దేనికి ప్రతీకో, మసి దేనికి ప్రతీకో రాసింది. వంటింటికి అమ్మే మహారాణి అయినా గిన్నెల మీద ఉండేది నాన్న పేరే అన్న మాట ఆ కవితలో వస్తుంది. దానికి ‘ఆస్తిహక్కు లేకపోవడాన్ని సూచిస్తుంది’ అని ఒక్క వాక్యం రాసి ముందుకెళ్లిపోయింది. ఎనిమిది మార్కులు వచ్చాయి. మాస్టారు పేపరు చివర ‘బాగుంది’ అని కూడా రాశారు.

ఆ ఒక్క వాక్యం దగ్గర ఆగి ఉంటే బాగుండేదని ఆమెకు తెలియడానికి ఇంకో ఏడాది పట్టింది.

తెలుగులో స్త్రీవాద కవిత్వం 1980లలో ఉధృతంగా వచ్చింది. 1993లో ఓల్గా సంపాదకత్వంలో ‘నీలిమేఘాలు’ సంకలనం వెలువడింది. పైట, ప్రసవం, గర్భస్రావం, వంటిల్లు... అప్పటిదాకా కవిత్వంలోకి రానివన్నీ వచ్చేశాయి. అవి నీలి కవితలని ఈసడించినవాళ్లూ ఉన్నారు. శరీరం ఊసెత్తిన కవితల మీదే గొడవంతా జరిగింది. గిన్నెల జోలికి ఎవరూ పోలేదు. పాపం గిన్నెల మీద ఎవరికి మాత్రం కోపం ఉంటుంది?

ఆఖరి సంవత్సరం ప్రదర్శనకు ‘ఆడవాళ్లు’ అన్న అంశం తీసుకున్నప్పుడు ఆ అమ్మాయి పని సులువనే అనుకుంది. చిన్నప్పటి నుంచీ చూసిన బొమ్మలన్నీ ఆడవాళ్లవే. క్యాలెండర్లలో రవివర్మ లక్ష్మి, సరస్వతి. పాత పత్రికల అట్టల మీద వడ్డాది పాపయ్య సుందరులు. బాపు గీసిన వాలుజడలు, పెద్ద పెద్ద కళ్లు. వైకుంఠం గారి తెలంగాణ ఆడవాళ్లు, రూపాయి బిళ్లంత బొట్లు. అన్నీ ముచ్చటైనవే. అయితే వాళ్లలో చేతులు తడిగా ఉన్నవాళ్లు ఎక్కడా గుర్తు రాలేదామెకు. హాస్టల్ గదిలో మంచం పైన మాత్రం అమృతా షేర్‌గిల్ ‘ముగ్గురు అమ్మాయిలు’ చిత్రం నకలు అంటించుకుంది. 1935లో, 22 ఏళ్ల వయసులో షేర్‌గిల్ వేసిన బొమ్మ అది. 1937లో దానికి బొంబాయి ఆర్ట్ సొసైటీ బంగారు పతకం వచ్చింది. ఆ ముగ్గురూ చూసేవాళ్ల వైపు చూడరు. నవ్వరు. ఎవరో ఏదో నిర్ణయిస్తారని కూర్చున్నట్టుంటారు.

అలాంటిదే వేద్దామని అమ్మను వేసింది. పొయ్యి ముందు, వెనక నుంచి, చెదిరిన జుట్టుతో. చుట్టూ నల్లటి గోడలు. పెద్ద కాన్వాసు. నెల రోజులు పట్టింది. ఫొటో తీసి వాట్సాప్‌లో ఇంటికి పంపింది.

అమ్మ వెంటనే ఫోన్ చేసింది. ‘‘ఎవరే ఈవిడ?’’

‘‘నువ్వేనమ్మా.’’

‘‘నన్నడిగి వేశావా? మన వంటింట్లో గోడలు నలుపెక్కడున్నాయే? ఆకుపచ్చ రంగు వేయించి రెండేళ్లు కాలేదు. నేను నీకు ఎప్పుడూ పొయ్యి ముందే కనపడ్డానా?’’

నిజానికి ఆవిడ పొయ్యి ముందు ఉండేది ఉదయం రెండు గంటలు, రాత్రి గంటన్నర. మిగతా రోజంతా సంచి భుజాన వేసుకుని వీధి వీధీ తిరుగుతుంది. పోస్టాఫీసు పొదుపు ఏజెంటు. ఎవరి ఆర్డీ ఎప్పుడు పూర్తవుతుందో, ఏ ఇంట్లో ఈ నెల డబ్బుకు ఇబ్బందో ఆ సంచికి తెలిసినంత ఊళ్లో ఇంకెవరికీ తెలియదు. కూతురి బొమ్మలో ఆ సంచి లేదు. ఎందుకంటే కవితలో సంచి లేదు. అమ్మ బొమ్మ అనుకుంటూ ఆ పిల్ల వేసింది తన పరీక్ష జవాబును!

కాన్వాసు గోడకు తిప్పి పెట్టేసి సంక్రాంతికి ఇంటికెళ్లింది.

వాళ్లది తణుకు దగ్గర ఊరు. ఇత్తడి సామానుకు పేరుపడ్డ అజ్జరం అక్కడికి దగ్గరే. పండక్కి ముందు అటక మీది సామానంతా దించి తోమడం ఆ ఇంట్లో ఆనవాయితీ. నాయనమ్మ పీట వేసుకుని కూర్చుని, చింతపండు పులుసు పట్టించి రుద్దుతోంది. చిలుము వదిలేకొద్దీ అంచు కింద ఒక్కో అక్షరం తేలుతోంది. చుక్కలు చుక్కలుగా, కాస్త వంకరగా, తాతయ్య పేరు. పక్కన సంవత్సరం.

ఆ అమ్మాయి గదిలోకి పరుగెత్తి పల్చటి కాగితాలు, మెత్తటి పెన్సిలు తెచ్చింది. చిన్నప్పుడు రూపాయి బిళ్ల మీద కాగితం పెట్టి రుద్దితే బొమ్మ వచ్చేది కదా, అదే పద్ధతి. కాగితం అద్ది రుద్దితే అక్షరాలు తెల్లగా నిలబడ్డాయి. రెండు రోజుల్లో ఇంట్లో ఉన్న గుండిగలు, బిందెలు, పళ్లేలు, క్యారేజీలు, డబ్బాలు అన్నీ రుద్దేసింది. మొత్తం 46. తాతయ్య పేరున్నవి 29. నాన్న పేరున్నవి 9. పేరు లేనివి 5. రెండింటి మీద ఎవరివో పేర్లున్నాయి. ఏ పెళ్లిలోనో తారుమారై వచ్చి ఉంటాయి, అవతలివాళ్లు ఇప్పటికీ వెతుక్కుంటున్నారేమో. కవిత చెప్పినట్టే ఉందని ఆమెకు లోపల సంబరం. సాక్ష్యం దొరికిన సంబరం.

నలభై ఆరోది ఒక ఇత్తడి మరచెంబు. దాని మీద నాయనమ్మ పేరుంది.

‘‘ఇదేంటి నాయనమ్మా?’’

‘‘మా అమ్మ కొట్టించింది. సారెలో పెట్టి పంపింది. ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లూ నాకు పేరుండేది మరి.’’

‘‘మిగతావాటి మీద తాతయ్య పేరు ఎందుకు కొట్టించావు? అవన్నీ తాతయ్య కొన్నారా?’’

నాయనమ్మ నవ్వింది. ‘‘మీ తాతయ్య గిన్నెల కొట్టు గుమ్మం ఎక్కిన మనిషేనా?’’ అని ఒక్కొక్కటీ చూపించడం మొదలుపెట్టింది. ఈ స్టీలు గుండిగకు పెళ్లినాటి పట్టుచీర ఇచ్చింది, జరీ ఉందని ఎక్కువ కట్టారు. ఈ రెండు పళ్లేలు తాతయ్య పాత పంచెలకు వచ్చాయి. ఈ పెద్ద బిందె గేదె పాలమ్మిన డబ్బులతో కొన్నది. బేరమంతా ఆవిడదే. పేరు కొట్టేవాడు ‘ఏం పేరమ్మా’ అని అడిగేవాడు. మొగుడి పేరు నోటితో అనకూడదు. అందుకని కొడుకును ముందుకు తోసేది. ఎనిమిదేళ్ల పిల్లాడు, అంటే ఈ అమ్మాయి నాన్న, గట్టిగా తండ్రి పేరు అరిచేవాడు. వాడు చిన్న సుత్తితో టకటకా కొట్టేసేవాడు.

‘‘నీ పేరే చెప్పొచ్చుగా?’’

‘‘చెబితే? పెళ్లిళ్లకీ పేరంటాలకీ పట్టుకెళ్లినవాళ్లు ఏ ఇంటికి తెచ్చివ్వాలో తెలియొద్దూ? ఊళ్లో నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్లెవరే? ఫలానావారి భార్య, ఫలానావాడి తల్లి. నా పేరు కొట్టిస్తే నా గిన్నె నాకు తిరిగొచ్చేది కాదు.’’

ఆ రాత్రి ఆ అమ్మాయికి నిద్ర పట్టలేదు. ఆస్తిహక్కు అని ఒక్క ముక్కలో రాసేసింది కదా. ఇక్కడ వస్తువు నాయనమ్మది, కష్టం నాయనమ్మది, నిర్ణయమూ నాయనమ్మదే. అన్నీ తనవే అయినా, ఆ వస్తువు తన దగ్గరికి తిరిగి రావాలంటే తన పేరు చెరుపుకోవాలి. కవిత అబద్ధం కాలేదు. ఆమె రాసిన జవాబే మరీ పొట్టిదైపోయింది.

హైదరాబాద్ తిరిగొచ్చాక తోటి విద్యార్థులు కాగితాలు చూసి మెచ్చుకున్నారు. మరచెంబు ఒక్కటీ తీసెయ్యమన్నారు. గోడ నిండా మగవాళ్ల పేర్లే ఉంటే దెబ్బ గట్టిగా తగులుతుందన్నారు. సలహా తప్పేం కాదు. వ్యాసంలో అయితే తనూ వదిలేసేదే. అప్పుడే తెలుగు మాస్టారు క్లాసులో ముద్దుపళని గురించి చెప్పారు. 18వ శతాబ్దపు తంజావూరు కవయిత్రి. ‘రాధికా సాంత్వనము’ రాసింది. అవతారికలో తన వంశాన్ని నాయనమ్మ పేరుతో సహా చెప్పుకుంది. తర్వాతి కాలంలో అచ్చు వేసినవాళ్లు ఆ భాగాన్ని, కొన్ని పద్యాలను వదిలేశారు. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ పట్టుబట్టి అన్నిటితోనూ అచ్చు వేయించింది. పుస్తకం మీద నిషేధం పడింది, అది పోయేసరికి స్వాతంత్ర్యం వచ్చే రోజులయ్యాయి. అదంతా నోట్సులో రాసుకుంటూ ఆ అమ్మాయి మధ్యలో పెన్ను ఆపేసింది. మరచెంబు కాగితం తీసే మాట మళ్లీ ఎత్తలేదు.

అమ్మను మాత్రం ఈసారి ముందే అడిగింది. ‘‘నా బొమ్మ వద్దు. కావాలంటే సంచి వేసుకో. అందులో పుస్తకాల మీద ఖాతాదారుల పేర్లు కనపడకూడదు’’ అని షరతు పెట్టింది. అలాగే వేసింది. పాత కాన్వాసు మీద నలుపు గీకేసి, ఆకుపచ్చ గోడకు మేకు, మేకుకు సంచి. మనిషి లేదు.

ప్రదర్శనలో 46 కాగితాలూ వరసగా పెట్టింది. ఒక్కోదాని కింద చిన్న చీటీ. ఎవరు కొన్నారు, బదులుగా ఏమిచ్చారు, పేరు ఎవరు చెప్పారు. మోకాళ్ల నొప్పులని నాయనమ్మ రాలేదు. అమ్మా నాన్నా వచ్చారు. నాన్న తన పేరున్న తొమ్మిది కాగితాల ముందూ ఆగి చీటీలు చదువుకుంటూ నడిచాడు. తాతయ్య కాగితాల దగ్గరికొచ్చేసరికి ‘పేరు చెప్పింది: కొడుకు, 8 ఏళ్లు’ అన్న చీటీలు ఒకటి తర్వాత ఒకటి కనిపించాయి. చాలాసేపు అక్కడే నిలబడ్డాడు. బయటికొచ్చాక, ‘‘గట్టిగా చెప్పరా, ఆయనకు వినపడాలి అనేది అమ్మ’’ అన్నాడు. అంతకుమించి ఏమీ అనలేదు.

గోడ చివర బల్ల మీద మరచెంబును పెట్టింది. సాయంత్రం ఫోన్‌లో అంతా విన్న నాయనమ్మ చివరికి ఒక్కటే అడిగింది.

‘‘మూత జాగ్రత్తగా ఉందా? దాని మీద పేరు లేదు. పోతే ఎవరిదని తెచ్చిస్తారు?’’