డేటింగు యాపులు - బీరువా తాళములు

లాల్‌దర్వాజాలో నివసించు మా మిత్రులొకరు బోనాల పండుగనాడు మమ్ము భోజనమునకు పిలిచి, భోజనమైన పిదప తాము చేసిన ఘనకార్యమొకటి వినిపించిరి. ఇరువదినాలుగేండ్ల తమ కుమార్తె ఫోనులో డేటింగు యాపు ఒకటి కనబడగా, దానిని అప్పటికప్పుడు తీసివేసి, ఆ ఫోనును బీరువాలో పెట్టి తాళము వేసి, మాటలాడుటకు మాత్రము పనికివచ్చు చిన్నఫోనొకటి ఆమె చేతికిచ్చిరట! ఆ పిల్ల మాదాపూరులో ఉద్యోగము చేయుచు ఇంటియప్పు కిస్తులో సగము తానే కట్టుచున్నది. కిస్తు కట్టుటకు వచ్చిన యీడు, ఒక మనుష్యుని చూచి మాటలాడుటకు రాలేదా యని మేమడుగగా వారు నవ్వి, “పాతబస్తీ సంగతి మీకు తెలియనిదా?” యనిరి. తెలియును గనుకనే యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

పెద్దల వాదమేమి? మునుపు సంబంధము తెలిసినవారి ద్వారా వచ్చెడిది, కావున క్షేమము. ఇప్పుడు ముక్కుమొగమెఱుగనివాడు ఫోనులోనుండి యింటిలోనికి వచ్చుచున్నాడు, కావున అపాయము. వినుటకు సొంపుగానే యున్నది. కాని చార్మినారు నీడలో బ్రతికినవారు ఈ మాట యనదగునా? 1991లో హైదరాబాదునుండి ఢిల్లీకి పోవు విమానములో ఒక బాలిక యేడ్చుచుండగా విమానపరిచారిక యొకతె చూచి, ఏమమ్మా యని యడిగినందున గదా, అఱువదేండ్ల సౌదీదేశీయునితో ఆ పాతబస్తీ పిల్లకు జరిగిన పెండ్లి లోకమునకు తెలిసినది! 2017 సెప్టెంబరులో హైదరాబాదు పోలీసులు ఒమాను, ఖతారు దేశముల షేకులతోపాటు ఖాజీలను గూడ పట్టుకొన్నప్పుడు బయటపడినదియు ఇట్టి బేరమే. ఈ రెండింట యాపు ఎక్కడనున్నది? పెద్దలున్నారు, మధ్యవర్తులున్నారు, నిఖా యున్నది. లేనిదొక్కటే, ఆ పిల్లల యిష్టము.

ఇది యొక మతమువారి సంగతి యని తక్కినవారు తప్పించుకొనవలదు. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో గర్భవతియైన భార్య కన్నులయెదుట దళిత యువకుడు హతుడైనప్పుడు అభియోగము వచ్చినది ఆమె తండ్రిమీదనే. 2022 మే నెలలో సరూర్‌నగరులో నడివీధిని జరిగిన హత్యలో పట్టుబడినది భార్య సోదరుడే. మొదటి యింటివారు హిందువులు, రెండవ యింటివారు ముస్లిములు. మన పిల్లలు పరాయివానికంటె ఇంటివారికే యెక్కువ వెఱచుచున్నారన్నచో ఆ భయము ఊరక పుట్టినది కాదు.

అట్లని యాపులలో నున్నవారందఱు సత్యహరిశ్చంద్రులని మేమనము. సాలార్‌జంగు మ్యూజియములో ఒకే కొయ్యలో చెక్కిన జంటబొమ్మ యొకటి కలదు. ముందు చూచిన మెఫిస్టోఫిలిస్ అను పిశాచము. వెనుకనున్న యద్దములో చూచిన, తలవంచుకొన్న మార్గరెట్టా యను కన్య. యాపులో మనకు కనబడునది అద్దములోని బొమ్మ మాత్రమే. వంచకుడు మొదట తీయగా మాటలాడును. రెండుమూడు దినములలో యాపు విడిచి వాట్సాపునకు రమ్మనును. వీడియో కాలు చేయుమనును. చేసినదానిని చాటుగా రికార్డు చేసికొనును. పిదప ఒక్కటే వాక్యము: “డబ్బు పంపెదవా, మీ నాయనకు పంపుదునా?” చదువరులారా, ఈ వాక్యములో కత్తి యేది? వీడియో కాదు, “మీ నాయన” అను మాట! తండ్రి పేరు చెప్పి బెదరించుటకు వీలులేని యింట ఆ దొంగకు పైసా పుట్టదు. వాని వ్యాపారమునకు పెట్టుబడి పెట్టుచున్నది మనమే.

మగపిల్లలకును ఈ యాపద తప్పలేదు. పురుషులు పురుషులను కలిసికొను గ్రైండర్ వంటి యాపులలో దొంగపేరుతో పిలిచి, ఒంటరిచోట కొట్టి దోచుకొనువారు కలరు. వయస్సు వచ్చినవారి యిష్టపూర్వకమైన కలయిక నేరము కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న తీర్పు చెప్పినను, దోపిడికి గుఱియైన యువకుడు పోలీసుస్టేషను మెట్లెక్కుటకు జంకును. ఏల? స్టేషనునుండి యింటికి కబురు పోవునేమో యని.

ఎవరి గుట్టు ఎవరి పుస్తకములో నున్నదను ప్రశ్న ఈ నగరమునకు క్రొత్తది కాదు. నైజాము కాలమున 1919లో పుట్టిన చట్టమొకటి హిజ్రాల పేర్లను, నివాసములను రిజిస్టరున నెక్కింపుమన్నది. తెలంగాణ హైకోర్టు దానిని కొట్టివేసినది 2023 జూలైలో! ఇప్పుడట్టి పుస్తకములు కంపెనీల చేతనున్నవి. 2015లో యాష్లీ మాడిసన్ అను సంస్థనుండి మూడు కోట్లకు మించిన ఖాతాల వివరములు దొంగిలింపబడి బజారున పడినవి. గ్రైండర్ తన సభ్యుల హెచ్.ఐ.వి. వివరములను ఇతర కంపెనీలకు అందించినదని 2018లో వెల్లడియైనది. కాబట్టి యాపు నెన్నుకొనువారు అందులో నెందఱున్నారని గాక, అది మననేమి అడుగుచున్నది, ఏమి దాచుకొననిచ్చుచున్నది యని చూడవలెను. ఆడువారే మొదట పలుకరించు పద్ధతితో బంబుల్ పుట్టినది; తెలుగువారికొఱకే “నీతో” యనునదియు వెలువడినది. మంచిదే. కాని పేరుకంటె ముందు విచారింపవలసినది దూరము.

కొన్ని యాపులు అవతలివారెంత దూరమున నున్నారో చూపును. ఒక్క దూరమువలన ఇల్లు తెలియదు. మదీనా కూడలినుండి యొకసారి, చార్మినారునుండి యొకసారి, శాలిబండనుండి యొకసారి దూరము చూచి మూడు వలయములు గీచినచో, అవి కలిసినచోటనే యింటి గుమ్మము! ఈ లోపమును పరిశోధకులు 2014లోనే చూపిరి. గోడకు గోడ యానుకొని, ఒకరి పోపువాసన పదిండ్లవారికి తెలియు మన గల్లీలలో ఇంతకంటె ఆచూకి యేమి కావలెను? కావున దూరము చూపుటను ఆపవలెను. ఆపనీయని యాపును విడువవలెను. ఇన్‌స్టాగ్రాములో నున్న ఫోటోనే యిందును పెట్టరాదు, ఒకదానిని పట్టుకొని రెండవదానిని, దానితో పేరును వెదకుట నిమిషముల పని. ఇంటిగేటు, ఆఫీసు కార్డు కనబడు ఫోటో అసలే వలదు.

కలిసికొనదలచినచో మా సలహా ఆ మ్యూజియమే. గుమ్మమున సోదా యున్నది. గంటగంటకును గడియారపు బొమ్మ వచ్చి గంట కొట్టుట చూచుటకు జనము మూగుదురు. (శుక్రవారము సెలవు సుమా!) తన యాటోలో తాను పోయి తానే తిరిగి రావలెను. ఎక్కడికి, ఎవరితో, ఎన్నింటికి వచ్చుట యనునది అక్కకో స్నేహితురాలికో చెప్పి, లైవ్ లొకేషను పంపి పోవలెను. మొదటినాడే వేఱొకచోటికి పోదమన్నవానికి నమస్కారము పెట్టి లేచివచ్చుటకు సిగ్గేల? బెదరింపు వచ్చినచో ఒక్క రూపాయయు పంపరాదు. పంపినవారినే మఱల నడుగుదురు. సందేశములు చెరిపివేయక దాచి 1930కి ఫోను చేయవలెను. ఆడువారు జాతీయ సైబర్ క్రైమ్ పోర్టలులో పేరు చెప్పకయే ఫిర్యాదు వ్రాయవచ్చును. షీ టీములు 2014నుండి మన నగరముననే యున్నవి.

ఇదంతయు విని మా మిత్రులు, “గుట్టుగా నుండుమని మీరును చెప్పుచున్నారే! ఇంటిగుట్టు లంకకు చేటన్నారు గదా, నేను చేసినదియు గుట్టు కాపాడుటయే” యనిరి. కాదు. వీధినుండి తన పేరును, ముఖమును, గుమ్మమును దాచుకొనుట ఆ పిల్ల హక్కు. 2017 ఆగస్టు 24న తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవముగా ఆ గోప్యతనే ప్రాథమికహక్కనిరి. తండ్రికి వెఱచి దాచుటయో? అది మనము విధించిన శిక్ష. రేపు వంచకుడొకడు నిజముగానే బెదరించినచో, బీరువాకు తాళము వేసిన చేతికి ఆమె యే ధైర్యముతో ఫోను చూపును?

చివరకొక సంగతి చెప్పితిమి. ఫోనునుండి యాపు తీసివేసినంతమాత్రమున ఖాతా పోదు. పేరు, ఫోటో కంపెనీవారివద్ద అట్లే యుండును. చూచువారు చూచుచునే యుందురు. ఖాతాను తెఱచి ఆమెయే తుడుపవలెను, లేదా తగినట్లు సరిచేసికొని యుంచుకొనవలెను. మిత్రుల ముఖము వెలవెలబోయినది. “అనగా ఈ పదిదినములును మా పిల్ల ఫోటో...” యని ఆగిపోయిరి. పిమ్మట లేచి, తాళపుచెవి తీసి, బీరువా తెఱచి, కుమార్తెను పేరుపెట్టి పిలిచిరి. ఆమె వచ్చి గడపయొద్ద నిలిచినది. మేము సెలవు పుచ్చుకొని బయలుదేరితిమి.