మన పరిసరాలు: వీధిలోకి వచ్చిన గొట్టం ఇంటిలోకి రావాలంటే

క్వార్టర్లలో నివసించినన్నాళ్లూ, ఇంట వాడిన నీరు ఎక్కడికి పోతున్నదని మనలో ఎవరమూ ఆలోచించము. కొళాయి తిప్పితే నీరు వస్తుంది, తూములో పోస్తే వెళ్లిపోతుంది. ఎక్కడైనా అడ్డుపడితే టౌన్ అడ్మినిస్ట్రేషన్ కార్యాలయంలో ఒక ఫిర్యాదు రాయించి వస్తాము. పదవీ విరమణ పొంది, ఊరి శివార్లలో కొనుక్కున్న స్థలంలో ఇల్లు కట్టుకున్న తరువాత గాని ఆ సౌకర్యం విలువ తెలిసిరాదు.

ఇటీవల అటువంటి కాలనీలో స్థిరపడిన ఒక మాజీ సహోద్యోగి ఇంటికి వెళ్లాము. ఇళ్లు ముచ్చటగా ఉన్నాయి. కాని ప్రతి ఇంటికీ ఒక సెప్టిక్ ట్యాంకు, దాని నుండి పొర్లిన నీరు వీధి కాలువలోకి. రెండు వందల గజాల స్థలంలోనే ఒక మూల ట్యాంకు, మరొక మూల బోరుబావి! పురపాలక సంఘం ఇప్పుడు మంచినీటి గొట్టాలతో పాటు భూగర్భ డ్రైనేజీ కూడా వేయదలచి, ఇంటింటి నుండి డిపాజిట్టు కోరుతున్నదట. ఆ సాయంత్రమే జరిగిన కాలనీ సంఘ సమావేశంలో ఒక పెద్దమనిషి, "మా ట్యాంకు చక్కగా పనిచేస్తున్నది. మేమెందుకు కట్టాలి?" అని ప్రశ్నించారు. న్యాయంగానే తోచే ఈ ప్రశ్నకు సమాధానం వెతకడమే ఈ నెల మా ప్రయత్నం.

మంచినీరు, మురుగునీరు కవల పిల్లల వంటివి. కేంద్ర ప్రభుత్వ 1999 నాటి మార్గదర్శకాల ప్రకారం డ్రైనేజీ లేని పట్టణాలలో మనిషికి రోజుకు 70 లీటర్లు, డ్రైనేజీ ఉన్న నగరాలలో 135 లీటర్ల చొప్పున నీటి సరఫరాను లెక్కించేవారు. సరఫరా అయిన నీటిలో సుమారు 80 శాతం మురుగుగా తిరిగి వస్తుందని ఇంజనీర్ల అంచనా. అంటే ఐదుగురున్న ఇంటికి 675 లీటర్లు వస్తే, 540 లీటర్లు బయటకు పోవాలి. బిందెలతో నీరు మోసుకున్న రోజులలో చాలిన ట్యాంకు, ఇరవై నాలుగు గంటలూ కొళాయి తిరిగే ఇంటికి చాలదు. ఈ రోజు చక్కగా పనిచేస్తున్న ట్యాంకు, మంచినీరు పుష్కలంగా వచ్చిన రోజున పొంగుతుంది.

రెండవ విషయం మరింత ముఖ్యమైనది. భూగర్భ కాలువలో మురుగు తనంతట తాను, వాలును బట్టి పారుతుంది. మలినాలు అడుగున పేరుకోకుండా ఉండాలంటే ప్రవాహ వేగం సెకనుకు కనీసం 0.6 మీటరు ఉండాలి. వీధిలో వంద ఇళ్లుండి ముప్పై ఇళ్లే చేరితే ఆ ప్రవాహం చాలదు. కాలువ పూడిపోతుంది, మ్యాన్‌హోళ్లు పొంగుతాయి. చేరనివాని మురుగు వీధి పాలు, చేరినవాని డబ్బు నీటి పాలు! కనుక ఇది ఇంటికొకరు విడివిడిగా తేల్చుకునే విషయం కాదు.

మద్రాసు నగరాన్ని ఆనుకొని ఉన్న ఆలందూరు ఈ చిక్కుముడిని విప్పిన తీరు గమనించదగినది. అప్పటికే ఇళ్లతో నిండిపోయి, సెప్టిక్ ట్యాంకులపై ఆధారపడిన ఆ పురపాలక సంఘం 1996 తరువాత భూగర్భ డ్రైనేజీకి పూనుకున్నది. అధ్యక్షులు ఆర్.ఎస్. భారతి నాయకత్వంలో ముందుగా ప్రజల అభిప్రాయం సేకరించారు. కాలనీ సంఘాలతో చర్చించారు. గృహాలకు 5,000 రూపాయలు, వాణిజ్య సంస్థలకు 10,000 రూపాయలు డిపాజిట్టుగా నిర్ణయించారు. గొట్టాలు వేయకముందే వేలాది కుటుంబాలు సొమ్ము చెల్లించాయి. మిగిలిన వ్యయానికి రుణాలు, గ్రాంట్లు తోడయ్యాయి. 2011లో ఆలందూరు చెన్నై కార్పొరేషన్‌లో విలీనమైనది గాని, డబ్బు కంటే ముందు నమ్మకాన్ని కూడగట్టిన ఆ పద్ధతి మాత్రం నేటికీ పాఠంగానే నిలిచి ఉన్నది.

నమ్మకం ఒకవైపు నుండే రాదు. సొమ్ము తీసుకున్నవారు లెక్క చెప్పాలి. తవ్విన రోడ్డును తిరిగి పూడ్చే గడువు ముందే ప్రకటించాలి. పింఛనుపై బ్రతికేవారికి, చిన్న ఇళ్లవారికి వాయిదాల సౌకర్యం ఉండాలి. వీటిని అడగడం కాలనీ సంఘం హక్కు. ఇవి దక్కిన తరువాత కూడా వెనుకంజ వేయడం మాత్రం సబబు కాదు.

గృహిణులకూ, యజమానులకూ రెండు మాటలు. కనెక్షన్ వచ్చిన పిదప ట్యాంకును యంత్రంతో ఖాళీ చేయించి, మట్టితో పూడ్పించండి. మనిషిని మాత్రం అందులోకి దింపవద్దు. తగిన రక్షణ లేకుండా అలా దింపడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. ఆ విషవాయువుకు క్షణాలలో నిండు ప్రాణాలు బలి అయిన ఉదంతాలు ఎన్నో. ఇక, మేడపై పడే వాన నీటిని డ్రైనేజీలో కలపవద్దు. దానిని ఇంకుడు గుంతకు మళ్లించండి.

సమావేశం ముగిసేసరికి ఆ పెద్దమనిషి ఇంకా తల పంకిస్తూనే ఉన్నారు. మా మిత్రుడు ఆయనను చేయి పట్టుకొని తన బోరుబావి వద్దకు తీసుకువెళ్లి, "అన్నగారూ, మీ ట్యాంకు ఇక్కడికి ఎన్ని అడుగులో కొలుద్దామా?" అన్నారు. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. చివరకు, "డిపాజిట్టుకు గడువు ఎప్పటి వరకు?" అని అడిగారు.