గృహారోగ్యము: పెద్దవారి మూత్రబాధ

పురుషుల దేహమునకు సంబంధించిన సంగతిని స్త్రీల పత్రికలో వ్రాయుట యేమని కొందరు సోదరీమణులు ముక్కున వ్రేలిడుకొనవచ్చును. గతమాసమున వచ్చిన యొక జాబు చదివిన పిమ్మట నాకట్టి సంకోచము లేదు. వ్రాసినది యొక కోడలు. ఆమె మామగారికి 68 ఏండ్లు. రాత్రి యైదారుమారులు లేచుచున్నారు. లేచినప్పుడెల్ల మూత్రశాలలో చాలసేపు నిలిచి, తృప్తి లేకయే తిరిగివచ్చుచున్నారు. బస్సులో కూర్చుండవలసివచ్చునని బంధువుల యిండ్లలోని పెండ్లిండ్లకు సయితము పోవుట మానుకొన్నారు. అత్తగారినడిగినచో "ముసలితనమమ్మా, ఏమి చేయుదుము" అనుచున్నారట. "మామగారిని నేనడుగలేను, మావారు అడుగరు, ఆయన చెప్పరు" అని యామె జాబు ముగించినది. ఇట్టి మౌనముల నడుమ నెందరు పెద్దవారు బాధపడుచున్నారో గదా!

మూత్రాశయమునకు క్రిందుగా, మూత్రనాళమును చుట్టుకొని, అక్రోటుకాయంత గ్రంథి యొకటి పురుషులకు మాత్రమే యుండును. వైద్యులు దీనిని ప్రోస్టేట్ గ్రంథి యందురు. పౌరుషగ్రంథి యను పేరును కలదు. వీర్యములో కలియు ద్రవమును కొంత యూరించుట దీని పని. యౌవనమున దీని తూకము సుమారు 20 గ్రాములు. విచిత్రమేమన, తక్కిన యవయవములు వయసుతో కృశించుచుండగా నిది 40 ఏండ్లు దాటినది మొదలు మెల్లగా పెరుగజొచ్చును. 60 ఏండ్ల వారిలో సుమారు సగముమందికి ఈ పెరుగుదల యుండును. 80 దాటినవారిలో నది లేనివారే తక్కువ. అట్లని యందరికిని బాధ కలుగదు. గ్రంథి యెంత పెరిగినదన్నదానికంటె, నడుమనున్న నాళమునెంత నొక్కినదన్నదే ముఖ్యము. చిన్న గ్రంథియే మిక్కిలి బాధించుటయు, పెద్ద గ్రంథి యూరకుండుటయు రెండును కలవు. ఈ పెరుగుదల క్యాన్సరు కాదు, క్యాన్సరుగా మారదు కూడ. ఈ యొక్క మాట తెలియక భయముచేతనే వైద్యునికి దూరముగా నుండువారు పెక్కురు.

గుర్తులు ఇల్లాలికి సులభముగా తెలియును. మూత్రము మొదలగుటకు చాలసేపు పట్టుట, ధార సన్నగిల్లుట, నడుమ నాగి నాగి వచ్చుట, ముగిసిన పిమ్మటను బొట్లుబొట్లుగా కారి పంచె తడియుట, వెంటనే మరల పోవలెననిపించుట, రాత్రి పలుమారులు లేచుట. అయితే రాత్రి లేచుట యొక్కటియే యున్నచో గ్రంథినే నిందింపరాదు. మధుమేహము, కాళ్లవాపు, గుండెజబ్బు, రక్తపుపోటునకు సాయంకాలమున మ్రింగెడి మూత్రము జారీచేయు బిళ్ల, ఇవియు నట్లే చేయును.

ఇది క్రొత్త వ్యాధి కాదు. సుశ్రుతసంహిత యుత్తరతంత్రమున మూత్రాఘాతములను చెప్పుచోట వాతాష్ఠీల యను రోగము కలదు. మలమార్గమునకును మూత్రాశయమునకును నడుమ రాయివంటి గట్టి గ్రంథి యేర్పడి మూత్రమునడ్డగించునని దాని వర్ణన. ఎచ్చట వ్రేలు పెట్టి చూపవలెనో అచ్చటనే చూపినారు! ఆధునిక శస్త్రచికిత్సకును మన దేశముతో కొంత చుట్టరికము కలదు. పీటర్ ఫ్రేయర్ అను ఐర్లండు దేశీయుడు 1875లో ఇండియన్ మెడికల్ సర్వీసున చేరి, మూత్రాశయములోని రాళ్లను తీయుటలో నిచ్చట పేరు గాంచి, లండనునకు మరలిపోయి, 1900లో పొత్తికడుపుగుండ నీ గ్రంథిని పెకలించు చికిత్సను జరిపెను. నేడు చాలమందికి కడుపు కోయ నక్కరలేదు; మూత్రనాళముగుండ సన్నని పరికరమును పంపి యడ్డము తొలగింతురు.

ఇక గృహిణులు మిక్కిలి శ్రద్ధతో చదువవలసిన భాగమునకు వచ్చుచున్నాను. ఈ వ్యాధి గలవానికి ఒక్కొక్కప్పుడు మూత్రము పూర్తిగా బిగిసిపోవును. పొత్తికడుపు కుండవలె ఉబ్బును, బాధ భరింపరానిదగును, బొట్టైనను రాదు. అట్టి సమయమున మన యిండ్లలో మొదట జరుగు పని యేమి? పొయ్యిమీద బార్లీ నీళ్లు కాగును. కొబ్బరిబోండములకు మనిషిని పంపుదురు. పెద్దమ్మ యెవరైన నున్నచో పల్లేరుకాయల కషాయము పెట్టుమనును. అందరిదియు ప్రేమయే, సందేహము లేదు. కాని ద్వారము మూసికొనియున్న గదిలోనికి నీరు తోడిపోసినట్లగును. మూత్రపిండములు మూత్రమును తయారుచేయుచునే యున్నవి. బయటికి పోవు త్రోవయే లేదు. మూత్రము పెంచునదేది యిచ్చినను బాధయు పెరుగును. అప్పుడు చేయవలసినది, త్రాగించుట మాని, తెల్లవారువరకు వేచియుండక, ఆ రాత్రియే యాసుపత్రికి తీసికొనిపోవుట. అచ్చట క్యాథెటర్ అను మెత్తని గొట్టమును నాళముగుండ పంపి మూత్రమును బయటికి తీయుదురు. కొన్ని నిముషములలో రోగి ప్రాణము కుదుటపడును.

ఇట్లు బిగియుటకు ఒక్కొక్కప్పుడు మనము చేతులార ఇచ్చిన మందే కారణము. జలుబు చేసినదని దుకాణమున కొనితెచ్చెడు బిళ్లలలో ముక్కుదిబ్బడ వదలించు ఫినైలెఫ్రిన్ వంటి మందును, తుమ్ములాపు క్లోర్‌ఫెనిరమిన్ వంటి మందును తరచుగా కలిసియుండును. మొదటిది మూత్రాశయపు మెడను బిగించును. రెండవది మూత్రాశయము ముడుచుకొను బలమును తగ్గించును. పడుచువారికి దీనివలన నేమియు తెలియదు. సన్నని ధారతో నెట్లో కాలము గడుపుచున్న పెద్దవానికి నా ధారయు నిలిచిపోవచ్చును. కావున నట్టివారికి జలుబు బిళ్ల వైద్యునడుగక యీయరాదు. మలబద్ధకము, మద్యపానము, మూత్రమును చాలసేపు బిగబట్టి చేయు దూరప్రయాణము, ఇవియు నిట్లే కీడుచేయును.

బాధ లేకయే మూత్రము నిలిచిపోవుట మరియొకటి కలదు. ఇది మోసకారి. మూత్రాశయము నెలలతరబడి సాగి సాగి, ఎన్నడును ఖాళీ కాక, నిండిన కడవనుండి పొర్లినట్లు కొద్దికొద్దిగా కారుచుండును. ముసలివాడు నిద్రలో పక్క తడుపుచున్నాడని యింటివారు విసుగుకొని, త్రాగు నీరు తగ్గింతురు. ఆయన సిగ్గుచే క్రుంగిపోవును. లోపల మూత్రపిండములు చెడుచుండును. పెద్దవానికి క్రొత్తగా పక్క తడియుట మొదలైనచో విసుగుకొనక వైద్యునికి చూపుడు.

ఇపుడు మన సోదరి ప్రశ్నకు రావలెను. కోడలు మామగారినడుగుట మన మర్యాదలో కష్టమే. అడుగవలసిన పనియు లేదు. అత్తగారికి నచ్చజెప్పుట యామె పని. మూడు దినములపాటు మామగారు ఏ వేళకు పోయినదియు, రాత్రి యెన్ని మారులు లేచినదియు, ఏమి యెంత త్రాగినదియు కాగితముమీద వ్రాయించిన చాలును. ఒక పాత గిన్నెకు గీతలు పెట్టి యిచ్చినచో పరిమాణమును వారే కొలుచుకొందురు. "నీకేమి జబ్బు" అనిన కోపము వచ్చునుగాని, "డాక్టరుగారు లెక్క వ్రాసికొని రమ్మన్నారు" అనిన మగవారు లెక్క వ్రాయుదురు! ఆ కాగితమును, వాడుచున్న మందులన్నిటిని పట్టుకొని భర్త తండ్రిగారిని వెంటబెట్టుకొని పోవలెను. వైద్యుడు మూత్రమును, రక్తములోని చక్కెరను, మూత్రపిండముల పనిని పరీక్షించును. మూత్రము పోసిన పిదప లోపల నెంత మిగిలినదో స్కానింగులో చూచును. తొడుగు వేసికొన్న వ్రేలితో మలద్వారముగుండ గ్రంథిని తడవి చూచును. ఈ కడపటిదానికి జడిసియే చాలమంది పోరు. అది యొక నిముషము పని.

ఇంటిలో చేయదగినవి కొన్ని కలవు. నిద్రకు రెండు గంటల ముందునుండి నీరు తగ్గింపవలెను. పగలు మాత్రము తగ్గింపరాదు, ముఖ్యముగా మన యెండలలో. సాయంకాలపు కాఫీ మానుట మేలు. ఒకమారు మూత్రము పోసి, కొంచెము నిలిచి, మరల ప్రయత్నించినచో మిగిలినది కొంత పోవును. మంచమునుండి మూత్రశాలవరకు దీపముండవలెను, దారిలో పీటలు, చెంబులు నుంచరాదు. రాత్రి లేచి పడి తుంటియెముక విరుగగొట్టుకొన్న పెద్దవారి సంగతి యెరుగని యూరు లేదు.

చలితో జ్వరము, మలద్వారమునకు ముందుభాగమున నొప్పి, మూత్రము మంట యున్నచో నది గ్రంథి వాపు కావచ్చును. ఇది పడుచువారికిని వచ్చును; కొన్ని వారములు మందు వాడవలెను, జ్వరము తగ్గినదని నడుమ మానరాదు. మూత్రములో నెత్తురు కనబడినచో ఒక్కమారైనను ఉపేక్షింపరాదు.

క్యాన్సరు వేరు రోగము. మొదట గుర్తులే యుండకపోవచ్చును. ముదిరినపుడు నడుమునొప్పి, ఎముకల నొప్పి రావచ్చును. తండ్రికో సోదరునికో వచ్చినవారికి భయమెక్కువ. స్త్రీలు గమనింపవలసినదేమన, ఒక కుటుంబమున పలువురు ఆడువారికి రొమ్ము క్యాన్సరు వచ్చియున్నచో నా యింటి మగవారికిని ఇది వచ్చు నవకాశము హెచ్చు. ఆ సంగతి వైద్యునికి చెప్పవలెను. పి.ఎస్.ఎ. అను రక్తపరీక్ష కలదు గాని, గ్రంథి పెరిగినను, వాచినను కూడ నా సంఖ్య హెచ్చును. అంకె చూచి యింటనే యేడ్చుట తగదు. ఈ క్యాన్సరు పురుషహార్మోనుపై నాధారపడునని 1941లో చూపిన చార్లెస్ హగ్గిన్స్‌కు 1966లో నోబెల్ బహుమాన మొసగిరి. నేటికిని ముదిరిన రోగమునకు ముఖ్య చికిత్స యా త్రోవదే.

మందుల విషయమున రెండు మాటలు. నాళమును సడలించు టామ్సులోసిన్ కొద్దిదినములలోనే గుణమిచ్చును; కాని లేచి నిలుచునప్పుడు తల తిరుగవచ్చును గనుక మెల్లగా లేవవలెను. దీనిని వాడువారు కంటిపొర తీయించుకొనబోవునపుడు ముందుగనే కంటివైద్యునికి తెలుపవలెను. గ్రంథిని కుదించు ఫినాస్టిరైడ్, డ్యుటాస్టిరైడ్‌లు గుణమిచ్చుటకు ఆరు నెలలు పట్టవచ్చును, అవి పి.ఎస్.ఎ. అంకెను సగమునకు దించును గాన పరీక్షకు ముందు వాని సంగతి చెప్పవలెను. గర్భవతియు, గర్భము దాల్చు నవకాశము గలదియు విరిగిన ఫినాస్టిరైడ్ బిళ్లను గాని, నూరిన పొడిని గాని, కారిన డ్యుటాస్టిరైడ్ గుళికను గాని తాకరాదు. కడుపులోనిది మగశిశువైనచో వాని జననాంగముల యెదుగుదలకు భంగము కలుగవచ్చును. పూత చెడని బిళ్లను ముట్టినందున భయము లేదు. మ్రింగలేని పెద్దవారికి బిళ్లలు నూరి తేనెలో నిచ్చు పని మన యిండ్లలో కోడండ్రదే గనుక, ఈ మందులు వాడు నింట నా పని అత్తగారు తీసికొనవలెను.