యాప్ రెడీ... పరిచయం చేసేదెవరు?

‘అన్నా, యాప్ రెడీ అయింది. ఎవరితో లాంచ్ చేయిస్తే బాగుంటది?’

నిజామాబాద్, ఆర్మూర్ వైపు కాలేజీల నుంచి నాకు వచ్చే మెసేజ్‌లలో ఈ ప్రశ్నే ఎక్కువ. కొందరు ఎమ్మెల్యే డేట్ కోసం తిరుగుతుంటారు. కొందరు లక్షల్లో ఫాలోవర్లున్న యూట్యూబర్ రేటు కనుక్కుంటుంటారు. ఇంకాస్త ముందున్నవాళ్లు ‘ప్రొడక్ట్ హంట్‌లో పేరున్న హంటర్ ఎవరైనా తెలుసా’ అంటారు. మూడూ నిజానికి ఒకటే ప్రశ్న. మనకన్నా పెద్ద గొంతున్నవాళ్లు మన వస్తువు పేరు పలికితే సగం పని అయిపోయినట్టేనన్న నమ్మకం.

ఆ నమ్మకానికి ఈమధ్య బాగా బలం వచ్చింది. కారణం అరట్టై. జోహో కంపెనీ 2021లోనే తెచ్చిన మెసేజింగ్ యాప్ అది. అరట్టై అంటే తమిళంలో ముచ్చట్లు. నాలుగేళ్లు దాని ఊసెత్తినవాళ్లు తక్కువ. 2025 సెప్టెంబరు చివర్లో కేంద్ర మంత్రి ధర్మేంద్ర ప్రధాన్ స్వదేశీ యాప్ వాడదాం రండి అంటూ ఎక్స్‌లో రాశారు. తర్వాత మరికొందరు మంత్రులు అందుకున్నారు. రోజుకు 3 వేలుండే కొత్త చేరికలు మూడు రోజుల్లో 3.5 లక్షలకు చేరాయని జోహో వ్యవస్థాపకుడు శ్రీధర్ వెంబు స్వయంగా ప్రకటించారు. సర్వర్లు పెంచుకోలేక వాళ్ల ఇంజినీర్లు తలలు పట్టుకున్నారు. ఇదంతా చూసిన ఏ స్టూడెంట్‌కైనా ‘నాకూ ఒక మంత్రి దొరికితే’ అనిపించక మానదు.

అయితే ఆ కథలో రెండో సగం కూడా ఉంది. కొన్ని వారాలకే అరట్టై యాప్ స్టోర్ల జాబితాలో పైమెట్టు నుంచి జారింది. చేరినవాళ్లు లోపలికెళ్లి చూస్తే తమవాళ్లు లేరు. అమ్మ వాట్సాప్‌లోనే ఉంది, ఊరి గ్రూపు వాట్సాప్‌లోనే ఉంది. మెసేజ్‌లకు ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ లేదన్న సంగతి కూడా జనం వచ్చిన తర్వాతే చర్చకొచ్చింది. జోహో పెద్ద కంపెనీ కాబట్టి ఆ తాకిడిని తట్టుకుని లోపాలు సరిచేసుకునే పనిలో పడింది. మన చేతిలో అంత తీరిక ఉండదు.

కూ యాప్‌కు ఆ తీరిక దొరకలేదు. 2020లో బెంగళూరులో మొదలైన ఈ యాప్ ఆ ఏడాదే కేంద్రం పెట్టిన ఆత్మనిర్భర్ యాప్ పోటీలో గెలిచింది. ప్రధాని మన్ కీ బాత్‌లో దాని పేరు చెప్పారు. 2021 ఫిబ్రవరిలో పీయూష్ గోయల్ ‘నేనూ కూలో చేరాను’ అని ట్విట్టర్‌లో రాశారు. (2025 సంక్రాంతి రోజున మా జిల్లాకు పసుపు బోర్డును ప్రారంభించిందీ ఆయనే.) అంతకన్నా పెద్ద పరిచయం మన దేశంలో ఏ స్టార్టప్‌కు దొరుకుతుంది? 2024 జులైలో కూ మూతపడింది.

దీన్ని చూసి పెద్దల మాటకు విలువ లేదనుకుంటే తప్పే. విలువ ఉంది, కాకపోతే అది చేసే పని వేరు. అమెరికాలో అయోవా రాష్ట్రంలో రయన్, గ్రాస్ అనే ఇద్దరు పరిశోధకులు హైబ్రిడ్ మొక్కజొన్న విత్తనం రైతుల్లో ఎలా పాకిందో ఊళ్లు తిరిగి అడిగి 1943లో ప్రచురించారు. ఈ విత్తనం గురించి మొదట ఎక్కడ విన్నారంటే ఎక్కువమంది సేల్స్‌మన్ పేరు చెప్పారు. మరి వేయాలని ఎవరి మాట మీద నిర్ణయించుకున్నారంటే పక్క చేను రైతు పేరు చెప్పారు. వినిపించేవాడు ఒకడు, నమ్మించేవాడు ఇంకొకడు. ఎనభై ఏళ్ల కిందటి మాట. ఇన్‌స్టాగ్రామ్ వచ్చాక కూడా ఇది మారలేదని నాకనిపిస్తుంది.

మా కమ్మర్‌పల్లిలో పసుపు పరిశోధన కేంద్రం ఉంది. కోజికోడ్‌లో రూపొందిన ప్రగతి లాంటి రకం ఆరు నెలల్లో చేతికొస్తుందని శాస్త్రవేత్త చెప్తే రైతు తల ఊపుతాడు. తొమ్మిది నెలల పంటకు అలవాటు పడ్డ మనిషి మరి. విత్తనం కొనేది మాత్రం రోడ్డు పక్క ఎవరి మడిలోనైనా ఆ పంట తవ్వి, ఉడకబెట్టి, ఎంత దిగిందో చూశాకే. నిజామాబాద్ యార్డులోనూ అంతే. 2016లో ఈ-నామ్ వచ్చి ధర కంప్యూటర్ తెర మీదికెక్కినా, రైతు బస్తాలు దించేది తనకు అలవాటైన అడ్తిదారు దగ్గరే.

ఇన్ని తెలిసినవాడిలా రాస్తున్నాను గానీ, నేను చేసింది సరిగ్గా దీనికి ఉల్టా.

రెండేళ్ల కింద నేను, నా ఫ్రెండ్ కలిసి ఒక యాప్ చేశాం. పసుపు తవ్వకాలప్పుడు ఉడకబెట్టే బాయిలర్, పాలిష్ డ్రమ్ము దొరకడం రైతుకు పెద్ద తలనొప్పి. ఎవరి దగ్గర ఖాళీ ఉందో ఫోన్‌లో చూసి బుక్ చేసుకునేలా పెట్టాం. డిసెంబరు ఆఖరుకే యాప్ సిద్ధం. అప్పుడు మొదలైంది మా వేట. ఒక నాయకుడితో లాంచ్ చేయిస్తే ఊరూరా తెలిసిపోతుందనుకున్నాం. పండగ తర్వాత అన్నారు. తర్వాత ఏదో మీటింగ్ అన్నారు. తేదీ మూడుసార్లు మారింది, ఫ్లెక్సీ రెండుసార్లు కొట్టించాం. మార్చి మొదటి వారంలో శాలువా, బొకే, ఫొటోలతో లాంచ్ అయింది. పేపర్లో చిన్న వార్త కూడా వచ్చింది. రెండు రోజుల్లో రెండొందల పైచిలుకు డౌన్‌లోడ్లు. బుకింగ్‌లు నాలుగు. అందులో రెండు మా చుట్టాలవే.

సీజన్ దాటిపోయింది, అది కనిపించే తప్పు. అసలు తప్పు వారం తర్వాత తెలిసింది. యాప్‌లో మేం పేరు పెట్టిన ఒక బాయిలర్ ఓనర్ ఫోన్ చేశాడు. ‘తమ్మీ, నా నంబర్ పెట్టిన్రు. నన్ను అడిగిన్రా?’ అన్నాడు. అడగలేదు. తెలిసినవాళ్ల ఫోన్లలోంచి నంబర్లు ఎత్తుకొచ్చి పెట్టాం. క్షమాపణ చెప్పి తీసేస్తామన్నాం. ఆయనకు కోపం తగ్గాక ఇంకో మాటన్నాడు. ‘రైతులు నాకు ఫోన్ చేస్తనే ఉన్నరు. నాకు గిరాకీ తక్కువ లేదు. ఏ ఊళ్ల ఎవరిది ఏ దినం తవ్వుడైతదో ముందుగాల తెలిస్తే నాకు తిరుగుడు తప్పుతది, డీజిల్ మిగుల్తది. అది చేస్తరా?’

మూడు నెలలు మేం ముఖ్య అతిథి కోసం తిరిగాం. మాకు కావాల్సిన మనిషి ట్రాక్టర్ వెనక బాయిలర్ కట్టుకుని మా ఊరి మీదుగానే పోతున్నాడు.

ఈ విషయంలో మా పక్కనే ఒక పెద్ద పాఠం ఉంది. రెడ్‌బస్ పెట్టిన సామ ఫణీంద్ర ఏర్గట్ల మండలం తడపాకల్‌లో పుట్టారు. బెంగళూరులో ఉద్యోగం చేస్తూ 2005 దీపావళికి బస్సు టికెట్ దొరకక ఆగిపోవడం, అందులోంచి ఆలోచన రావడం చాలామందికి తెలిసిన కథే. తెలియాల్సింది ఆ తర్వాతిది. ముందు వాళ్లు బస్సు ఆపరేటర్ల కోసం సాఫ్ట్‌వేర్ రాశారు. ఆపరేటర్లు పట్టించుకోలేదు. ప్రయాణికుడికి చెప్పే గొంతు ఎంత పెద్దదైనా లాభం లేదు, ఎందుకంటే సీట్లున్నది ఆపరేటర్ చేతిలో. దాంతో సీట్లు తామే అమ్మిపెట్టే పద్ధతికి మారి 2006లో సైట్ తెరిచారు. ఐటీ కంపెనీల దగ్గర నిలబడి కార్డులు పంచారు. పెద్దవాళ్ల సాయం వాళ్లూ తీసుకున్నారు. బెంగళూరులో టై అనే పారిశ్రామికవేత్తల సంస్థ కొత్తవాళ్లకు నడిపే కార్యక్రమంలో చేరి, అక్కడ దొరికిన మెంటార్లను నమ్ముకున్నారు. వాళ్లు రిబ్బన్ కత్తిరించినవాళ్లు కాదు, లెక్కలు అడిగి నిలదీసినవాళ్లు. 2013లో ఐబిబో గ్రూపు రెడ్‌బస్‌ను కొనేసింది. ఫణీంద్ర తర్వాత తెలంగాణకు చీఫ్ ఇన్నోవేషన్ ఆఫీసర్‌గా కూడా పనిచేశారు.

ఇక ప్రొడక్ట్ హంట్ అడిగేవాళ్ల సంగతి. 2013లో రయన్ హూవర్ మొదలుపెట్టిన ఈ సైట్‌లో రోజూ కొత్త ప్రొడక్టులు పోటీ పడతాయి. వాటిని తెచ్చి పెట్టేవాడిని హంటర్ అంటారు. ఒకప్పుడు పెద్ద హంటర్ ఏదైనా పెడితే ఆయన ఫాలోవర్లందరికీ కబురు వెళ్లేది, అందుకే అంత డిమాండ్. ఇప్పుడు ఆ సైటే తన గైడ్‌లో చెప్తోంది: హంటర్ అక్కర్లేదు, తయారుచేసినవాళ్లే పెట్టుకోవచ్చు అని. కాబట్టి ‘మీ ప్రొడక్ట్‌ను పేరున్న హంటర్‌తో పెట్టిస్తాం, ఇంత ఇవ్వండి’ అనే మెయిల్ వస్తే డిలీట్ చేయండి. అక్కడ రోజు మొదలయ్యేది అమెరికా పసిఫిక్ టైమ్‌లో అర్ధరాత్రి 12:01కి. మనకు కాలాన్ని బట్టి మధ్యాహ్నం 12:31 లేదా 1:31. ఆ రోజంతా కామెంట్లకు జవాబిచ్చే ఓపిక హంటర్ పేరుకన్నా ఎక్కువ పనిచేస్తుంది. అయినా పసుపు బాయిలర్ యాప్‌కు శాన్‌ఫ్రాన్సిస్కోలో ఓట్లు ఎందుకు, అది వేరే ప్రశ్న. ప్రపంచంలో ఎవరైనా వాడుకునే డెవలపర్ టూల్ అయితే వెళ్లండి.

డబ్బిచ్చి ఇన్‌ఫ్లూయెన్సర్‌తో చెప్పించాలనుకునేవాళ్లు చట్టం కూడా చూసుకోవాలి. వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం తప్పుదారి పట్టించే ప్రకటనకు, దాన్ని సమర్థించినవారికీ 10 లక్షల దాకా జరిమానా పడొచ్చు, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా. డబ్బు గానీ వస్తువు గానీ తీసుకుని చెప్తుంటే ఆ సంగతి స్పష్టంగా చెప్పాలని కేంద్రం 2023 జనవరిలో మార్గదర్శకాలిచ్చింది. 2025 మార్చిలో బెట్టింగ్ యాప్‌ల ప్రచారం మీద హైదరాబాద్‌లో సినిమావాళ్లు, యూట్యూబర్లు కలిపి పాతికమంది మీద కేసు నమోదయ్యాక, ఏది పడితే అది చెప్పడానికి వాళ్లూ వెనకాడుతున్నారు. ఒక రకంగా మంచిదే. తన పేరు పోతుందన్న భయం ఉన్నవాడే వాడి చూసి చెప్తాడు.

మరి మీ వాడకందార్లకు అలాంటి మనిషి ఎవరో ఎలా తెలుస్తుంది? వాళ్లకు తేడా వస్తే మొదట ఎవరికి ఫోన్ చేస్తారో అడగండి. కోచింగ్ యాప్ అయితే హాస్టల్‌లో నోట్స్ పంచే సీనియర్ కావచ్చు. సాగు యాప్ అయితే ఎరువుల దుకాణం ఓనర్. మా వైపు గ్రామాభివృద్ధి కమిటీ చాటింపు వేయిస్తే ఒక్క పూటలో ఊరంతటికీ తెలుస్తుంది, కానీ కమిటీ మాటకు భయపడి వాడేవాళ్లు మనకొద్దు. ఆ కమిటీలు చేసిన సాంఘిక బహిష్కరణల వార్తలు మనం చదివినవే. స్టేజీ కావాలంటే ఏటా పంద్రాగస్టుకు జిల్లాల్లో జరిగే ‘ఇంటింటా ఇన్నోవేటర్’ ప్రదర్శనకు దరఖాస్తు పెట్టుకోండి. అక్కడ శాలువాలు తక్కువ, ‘ఇది ఎట్ల పనిచేస్తది’ అనే ప్రశ్నలు ఎక్కువ.

మేం మాత్రం ఆ బాయిలర్ ఓనర్ అడిగినట్టే మార్చాం. రైతు తవ్వకం తేదీ పెడతాడు, ఓనర్‌కు ఊళ్ల వారీగా వరస కనిపిస్తుంది. మరుసటి సీజన్‌లో లాంచ్ పెట్టలేదు. జనవరిలో ఒక పొద్దున ఆయన మమ్మల్ని ట్రాక్టర్ మీద ఎక్కించుకుని కళ్లాల దగ్గరికి తీసుకెళ్లాడు. ‘వీళ్లు మనోళ్లే, తారీఖు ఇండ్ల పెట్టున్రి, నేనొస్త’ అని ఒక్కటే మాట చెప్పేవాడు. మూడో ఊరికొచ్చేసరికి ఆయన దోస్తు, ఇంకో బాయిలర్ ఓనర్, ఫోన్ చేశాడట, తన పేరు కూడా పెట్టమని. ఈసారి ముందు అడిగి పెట్టాం.