చూపించడం వేరు, ఇవ్వడం వేరు

ఇక్కడ అమెరికాలో ఎమ్మెస్ చేస్తున్న మన పిల్లల్ని శని, ఆదివారాల్లో ఇంటర్వ్యూలకి తయారు చెయ్యడం నాకో వ్యసనం. పైథాన్‌లో ఫంక్షన్ రాయమంటే వాళ్ళలో చాలామంది చివర రిటర్న్ బదులు ప్రింట్ పెడతారు. ఇంటర్వ్యూ చేసేవాళ్ళు వెంటనే "బేసిక్స్ లేవు" అని ముద్ర కొట్టేస్తారు. నాకు ఒళ్ళు మండేది అక్కడే. తప్పు పిల్లలది కాదండీ, నేర్పినవాళ్ళది.

పక్కింటావిడని కాఫీపొడి అడిగారనుకోండి. ఆవిడ డబ్బా తెచ్చి, మూత తీసి, చూపించి లోపలికెళ్ళిపోతే అది ప్రింట్. మీ గిన్నెలో నాలుగు చెంచాలు పోస్తే రిటర్న్. ఈమాత్రం చెప్పడానికి రెండు నిమిషాలు పట్టదు. కానీ ల్యాబ్‌లో చూసేదల్లా తెర మీద 5 వచ్చిందా లేదా అని. వస్తే రికార్డులో సంతకం, అంతే.

పైథాన్ కూడా తక్కువ తిన్నదేం కాదు. ప్రాంప్టు దగ్గర 2, 3 కూడే ఫంక్షన్‌ని పిలవండి. రిటర్న్ చేసినా 5 కనబడుతుంది, ప్రింట్ చేసినా 5 కనబడుతుంది. నిజానికి రిటర్న్ లేని ఫంక్షన్ ఇచ్చేది 'నన్'. ప్రాంప్టు దాన్ని గుట్టుచప్పుడు కాకుండా మింగేస్తుంది. ఆ జవాబుని పదితో గుణించమనండి, బండారం బయటపడుతుంది: 5 కనబడి, వెనకే టైప్ ఎర్రర్.

ఇంకో సంగతి. పైథాన్ 2లో ప్రింట్ ఫంక్షన్ కాదు, స్టేట్‌మెంటు. దాన్ని ఓ వేరియబుల్‌లో పెట్టబోతే సింటాక్స్ ఎర్రర్ అని అక్కడికక్కడే మొట్టికాయ పడేది. 2008 డిసెంబరులో వచ్చిన 3.0 నుంచి ప్రింట్ కూడా ఫంక్షనే. ఇప్పుడు అదే పని చేస్తే కిక్కురుమనకుండా వేరియబుల్‌లో నన్ పెట్టి ఊరుకుంటుంది. (నేను 3కి వ్యతిరేకిని కాను, కర్రలు తియ్యకండి.)

"అనుభవం మీద వాళ్ళే తెలుసుకుంటారు" అనే పెద్దలున్నారు. తెలుసుకుంటారు, ఎప్పుడు? ఫంక్షన్ ఇచ్చిన విలువని మాత్రమే సరిచూసే ఆన్‌లైన్ పరీక్షలో, సరైన జవాబు కళ్ళెదురుగా కనబడుతుండగా సున్నా వచ్చినప్పుడు. చదువయ్యాక ఓపీటీలో ఉద్యోగం లేకుండా ఉండగలిగేది మొత్తం 90 రోజులు. ఆ రోజుల్లోంచి ఖర్చుపెట్టి నేర్చుకోవాల్సిన పాఠమా ఇది?

నన్నడిగితే, ఫంక్షన్లు మొదలుపెట్టిన వారం ప్రింట్‌ని క్లాసు గడప తొక్కనివ్వకూడదు. జీతం లెక్కగట్టే ఫంక్షన్ ఒకటి, అందులోంచి పన్ను కోసే ఫంక్షన్ ఇంకోటి రాయించండి. మొదటిది జీతం చూపించి ఊరుకుంటే, రెండోదానికి కొయ్యడానికి చేతిలో ఏమీ ఉండదు.