అద్దెయింట ఆవర్జా

ఆత్మకూరు ధాన్యపు వర్తకుడును, ఉదయగిరి కొయ్యచెంచాల పనివాడును తమ లెక్కలకు దగిన సాఫ్టువేరును తామే కూర్చుకొనగల కాలము వచ్చినది. కోడు వ్రాయ నేర్వకయే, తెరమీది గడుల నమర్చి సరకు నిలువను, బాకీలను, రవాణాను లెక్కించుకొనుటకు నో-కోడ్, లో-కోడ్ సాధనములు తోడ్పడుచున్నవి. చెన్నపురి కేంద్రముగా గల నేటి జోహో సంస్థ యిట్టి క్రియేటరను సాధనమును 2006 లోనే వెలువరించెను. వ్యాపారపు లోతుపాతు లెరిగినవాడే తన పనిముట్టును మలచుకొనుట స్వావలంబనమే గదా! దీనిని మేము స్వాగతించుచున్నాము.

కాని యిది పరుల స్థలమున లేచిన యిల్లని మరువరాదు. గూగులువారు తమ యాప్ మేకరును 2021 జనవరి 19వ తేదీన మూసివేసిరి. దానిపై నిర్మించిన యాపులన్నియు నాటితో నిలిచిపోయినవి. స్వదేశసంస్థ దైనను అద్దె అద్దెయే. చందా పెరుగవచ్చును, కూర్చిన గుమాస్తా కొలువు విడువవచ్చును.

కావున, కోరినప్పుడు లెక్కలను పూర్తిగా వెలికి దీసికొను వీలున్న సాధనమునే యెన్నుకొనవలెను. కూర్చిన తీరును తెలుగున వ్రాసి భద్రపరుపవలెను. ఖాతాదారుల వివరముల నెవరు చూడవచ్చునో యజమానియే నిర్ణయింపవలెను. చిట్టా ఆవర్జాలను పరులచేత బెట్టి నిద్రించు వర్తకుడు లేడు. అవి తెర కెక్కినంతమాత్రమున ఆ జాగరూకత సడలరాదు.